పంచాంగంలో రాసి ఉన్న ప్రమాదం

కలకత్తాలో దుర్గాపూజ ఎప్పుడొస్తుందో ఏడాది ముందే అందరికీ తెలుసు. బెంగాలీ ఇళ్లల్లో ఉండే పంజికలో మహాలయ నుంచి విజయదశమి దాకా తిథులు ఘడియలతో సహా అచ్చయి ఉంటాయి. పూజకు ముందు మిల్లుల్లోనూ ఆఫీసుల్లోనూ బోనస్ చేతికొస్తుంది. పైఊళ్లలో ఉద్యోగాలు చేసుకునే చిన్ననాటి స్నేహితులు సెలవు పెట్టి పాత పేటకు తిరిగొస్తారు. రాత్రంతా వీధులు మేలుకునే ఉంటాయి. పందిరి వెనక క్లబ్బు గదిలో ఎవరో ఒకరు సీసా మూత తీస్తారు. మూడు నెలలుగా మందు ముట్టని మనిషికి రాబోయే ఏడాదిలో గడ్డు రోజులేవో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

చాలా జబ్బులకు ఈ వెసులుబాటు లేదు. గుండెపోటు తేదీ చెప్పి రాదు. వ్యసనం తిరగబెట్టడం మాత్రం చాలాసార్లు తేదీ, వేళ, వీధి పేరు చెప్పి మరీ వస్తుంది. అయినా డీ-అడిక్షన్ కేంద్రం నుంచి ఇంటికి బయల్దేరే మనిషి జేబులో మాత్రల చీటీ ఉంటుంది గానీ, సప్తమి సాయంత్రం ఏడింటికి తను ఎక్కడ, ఎవరితో ఉండాలో రాసుకున్న కాగితం ఉండదు. చికిత్సలో నాకు కనిపించే పెద్ద లోటు అదే. ఆ కాగితం ఎందుకు అంత ముఖ్యమో చెప్పడానికి ప్రయోగశాలల్లో పోగైన సాక్ష్యం చాలా ఉంది.

మత్తుతో ఈ నగరానికి పాత సంబంధమే. పాట్నా, బెనారస్ ఫ్యాక్టరీల్లో తయారైన నల్లమందును ఈస్టిండియా కంపెనీ కలకత్తాలోనే వేలం వేసేది. పెట్టెలకొద్దీ సరుకు ఇక్కడి నుంచే చైనాకు ఓడలెక్కింది. ఆ మత్తు అలవాటును విజ్ఞానశాస్త్రం కంటితో చూడటమూ ఇక్కడ జరిగింది. 1920ల్లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఫార్మకాలజీ ఆచార్యుడిగా ఉన్న రామ్‌నాథ్ చోప్రా నల్లమందు అలవాటును పరిశోధనాంశంగా తీసుకుని, దాని గురించి వరసగా వ్యాసాలు ప్రచురించాడు. 1933లో ఇప్పటి ఆర్.జి.కర్ ఆసుపత్రిలో గిరీంద్రశేఖర్ బోస్ మానసిక రోగుల కోసం ఓపీ తెరిచాడు. 1971లో విజయన్ పావమణి మొదలుపెట్టిన కలకత్తా సమారిటన్స్, చావాలనుకునేవారి మాట వినే సంస్థగా పుట్టి, తర్వాత మాదకద్రవ్యాలకు అలవాటుపడిన వాళ్ల దగ్గరికీ వెళ్లింది. బారుయిపూర్ దగ్గర అంతర అనే సంస్థ మానసిక రోగులతో పాటు వ్యసనపరులకూ చికిత్స చేస్తోంది. అంటే ఈ నగరంలో తలుపు తట్టడానికి చోట్లు లేకపోలేదు. చిక్కంతా ఆ తలుపు దాటి బయటికొచ్చాక, ఇంటికి చేరే దారిలో ఉంది.

రిత్విక్ ఘటక్ సంగతి ఈ నగరం మరిచిపోలేదు. 1969లో ఆయన్ని గోబ్రా మానసిక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడున్న రోజుల్లో తోటి రోగులతో కలిసి నాటకం వేశాడు. బుర్ర పదును తగ్గలేదు, పని మీద ప్రేమా తగ్గలేదు. బయటికొచ్చాక ‘జుక్తి తక్కో ఆర్ గప్పో’ తీసి, అందులో తాగుడుకు లొంగిన మేధావి నీలకంఠ పాత్రను తానే వేశాడు. తన స్థితి తనకు ఎంత స్పష్టంగా తెలుసో ఆ సినిమా చూసినవాళ్లకు అర్థమవుతుంది. 1976 ఫిబ్రవరి 6న, యాభై ఏళ్లకే వెళ్లిపోయాడు. తెలివి, ఆత్మజ్ఞానం, సంకల్పం ఉంటే మనిషి మందు మానేస్తాడు అనేవాళ్లకు నేను ఆయన పేరే చెబుతాను.

సంకల్పం ఎందుకు చాలదు? ఈ ప్రశ్నకు మొదటి ఆధారం అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో దొరికింది. 1940ల్లో అక్కడ ఏబ్రహం విక్లర్ అనే వైద్యుడు ఒక వింత గమనించాడు. మత్తుమందు ఒంట్లోంచి పూర్తిగా పోయి నెలలైన రోగులు గుంపుగా కూర్చుని పాత రోజుల కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు, వాళ్లకు ఆవలింతలొచ్చేవి, కళ్లు కారేవి, ముక్కు కారేది. ఇవన్నీ మందు ఆపిన మొదటి వారంలో రావలసిన లక్షణాలు. ఒంట్లో మందు లేదు, ఆపి నెలలు గడిచాయి, మాటలు మాత్రమే ఉన్నాయి. ఆ మాటలకే శరీరం స్పందించింది.

కెనడా శాస్త్రవేత్త షెపర్డ్ సీగల్ 1982లో చేసిన ప్రయోగం ఇంకా గట్టిది. హెరాయిన్‌కు అలవాటుపడ్డ ఎలుకలకు పెద్ద మోతాదు ఇచ్చారు. ఎప్పుడూ మందు ఎక్కించే గదిలోనే ఆ మోతాదు ఇస్తే 32 శాతం చనిపోయాయి. అంతే మోతాదును ఎప్పుడూ మందు ఎక్కించని గదిలో ఇస్తే 64 శాతం చనిపోయాయి. అసలు అలవాటే లేని ఎలుకల్లో 96 శాతం. మందు ఒక్కటే, మోతాదు ఒక్కటే, గది మారింది. పాత గది కనపడగానే ఎలుక శరీరం రాబోయే విషాన్ని తట్టుకోవడానికి ముందే సిద్ధమైందన్నమాట. మనిషిలో ఈ సిద్ధపడటమే ఆరాటంగా తెలుస్తుంది: గుండె వేగం, నోటి ఎండుదనం, చేతుల్లో ఒక తొందర. ధర్మతలా మలుపులో పాత బారు బోర్డు కనపడినప్పుడు లోపల లేచేది బలహీనత కాదు, శరీరం నేర్చుకున్న పాఠం.

ఆ పాఠం ఎంత లోతుకు దిగుతుందో 2008లో ఫిలడెల్ఫియాలో ఆనా రోజ్ చైల్డ్రెస్ బృందం చూపింది. కొకైన్ అలవాటున్న వాళ్లకు దానికి సంబంధించిన బొమ్మలను సెకనులో ముప్ఫయ్యో వంతు సేపు మాత్రమే చూపారు. ఏం చూశామో వాళ్లకే తెలియదు. మెదడులో కోరికకు సంబంధించిన భాగాలు మాత్రం అప్పటికే చురుకయ్యాయి. మనం ‘వద్దు’ అనుకునే లోపే అటు పని మొదలైపోతోంది.

ఇంకో సంగతి కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. రోజులు గడిచేకొద్దీ ఆరాటం నెమ్మదిగా తగ్గుతూ పోతుందని అందరం అనుకుంటాం. 2001లో గ్రిమ్, షాహమ్ తదితరులు కొకైన్ అలవాటు చేసిన ఎలుకల మీద చేసిన పరిశోధనలో, మందు ఆపాక మొదటి రెండు నెలల్లో పాత గుర్తులకు ఎలుకల స్పందన తగ్గకపోగా పెరిగింది. మనుషుల లెక్క మరో పక్క నుంచి హెచ్చరిస్తుంది. హంట్ అనే పరిశోధకుడి బృందం 1971లో హెరాయిన్, సిగరెట్, మద్యం మానినవాళ్ల వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే మూడింటి గీతలూ దాదాపు ఒకేలా ఉన్నాయి: మూడింట రెండు వంతుల మంది మొదటి మూడు నెలల్లోనే మళ్లీ మొదలుపెట్టారు. ‘నెల రోజులైంది, ఇక భయం లేదు’ అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం, ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన సమయం ఒకటే.

గది మారితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మనుషుల్లోనూ ఉంది. వియత్నాం యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికుల్లో దాదాపు ఐదో వంతు మంది అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యారు. వాళ్లు స్వదేశం చేరాక మొదటి ఏడాదిలో తిరిగి బానిసలైనవారు నూటికి ఐదుగురే అని లీ రాబిన్స్ అధ్యయనం తేల్చింది. ఆ ఊరు, ఆ మిత్రులు, ఆ సరుకు, ఆ భయం అన్నీ సముద్రం అవతల ఉండిపోయాయి. మన మనిషికి ఆ అదృష్టం లేదు. తాగిన వీధికే తిరిగొస్తాడు, ఆ కిటికీలోంచే ఆ దుకాణం చూస్తాడు. వీధిని మార్చలేనప్పుడు, ఆ వీధిలో గడిపే గంటలను ముందే మార్చుకోవాలి.

ఇక్కడొక పెద్ద అడ్డంకి ఉంది. ముందుచూపు అనే శక్తినే వ్యసనం దెబ్బతీస్తుంది. 1998లో నాన్సీ పెట్రీ, వారెన్ బికెల్ బృందం ఒక చిన్న పరీక్ష పెట్టింది. ‘ఒకతను నిద్రలేచి తన భవిష్యత్తు గురించి ఆలోచించసాగాడు’ అన్న అర్థంలో మొదటి వాక్యం ఇచ్చి, కథ పూర్తి చేయమన్నారు. మామూలు మనుషుల కథలు సగటున 4.7 ఏళ్ల ముందుకు సాగాయి. హెరాయిన్ వాడేవారి కథలు తొమ్మిది రోజుల దగ్గర ఆగిపోయాయి. తొమ్మిది రోజుల దూరమే కనిపించే మనిషితో ‘పిల్లల చదువు గురించి ఆలోచించవా’ అంటే ఆ మాట అతన్ని చేరదు. అతనికి ప్రేమ లేక కాదు. అందుకే ఆ గంటల ప్రణాళిక అతనొక్కడే వేసుకోవలసినది కాదు. భార్యో, అన్నో, కౌన్సెలరో పక్కన కూర్చోవాలి, మనసు నెమ్మదిగా ఉన్న పొద్దుటిపూట కూర్చోవాలి.

అలా కూర్చుని రాసుకున్నది పనిచేస్తుందా? జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ బృందం ఈ ప్రశ్నను చాలా కష్టమైన చోటే పరీక్షించింది. నల్లమందు జాతి మత్తు ఆపేసి, ఆ బాధలో ఉన్న రోగులకు ఒక చిన్న పని అప్పగించారు: సాయంత్రం ఐదు లోపు తమ గురించి క్లుప్తంగా ఒక బయోడేటా రాయాలి. ఆసుపత్రి నుంచి బయటపడ్డాక ఉద్యోగానికి పనికొస్తుందని చెప్పారు. సగం మంది చేత ఆ పని ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చేస్తారో పొద్దున్నే నిర్ణయం చేయించారు. మిగతా సగం చేత మధ్యాహ్న భోజనం ఎప్పుడు, ఎక్కడ చేస్తారో నిర్ణయం చేయించారు. సాయంత్రానికి మొదటి జట్టులో నూటికి ఎనభై మంది రాసిచ్చారు. రెండో జట్టులో ఒక్కరూ రాయలేదు. రెండు జట్లకూ కోరిక ఉంది, బాధా ఒకటే. తేడా అంతా వేళనూ చోటునూ ముందే ముడేసుకోవడంలో ఉంది. ఇది చిన్న ప్రయోగం. ఆ తర్వాత 2006లో గోల్విట్జర్, షీరన్ కలిసి ఇలాంటి 94 పరీక్షలను ఒకచోట చేర్చి చూసినా ఫలితం అటే మొగ్గింది. ‘ఫలానా వేళ వచ్చినప్పుడు ఫలానా పని చేస్తాను’ అని ముందే అనుకుంటే, ఆ వేళ వచ్చినప్పుడు తిరిగి ఆలోచించే భారం మెదడుకు తగ్గుతుంది. ఆలోచించే శక్తి సరిగ్గా ఆ వేళకే సన్నగిల్లుతుంది కాబట్టి ఈ సాయం చిన్నది కాదు.

కోస్తాలో తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మనం గాలితో బలం చూసుకోం. పశువుల తాళ్లు విప్పి, బియ్యం మూటగట్టి, సాయంత్రంలోపు గట్టి మిద్దెకు చేరుకుంటాం. అలా వెళ్లినవాణ్ణి ఎవరూ పిరికివాడనరు. పండగ రాత్రి బారు ముందు నుంచి నడవకుండా పక్క వీధిన పోయే మనిషిని కూడా అలాగే చూడాలి.

ప్రమాదపు వేళలు ఏవి? అలన్ మార్లాట్ అనే అమెరికా మనస్తత్వవేత్త జీవితమంతా దీని మీదే పనిచేశాడు. తాగుడు, సిగరెట్లు, హెరాయిన్, జూదం, అతితిండి మానినవాళ్లు మొదటిసారి తప్పిన 311 సందర్భాలను 1980లో అతని బృందం విడదీసి చూసింది. దిగులు, కోపం, విసుగు లాంటి మనోస్థితుల్లో తప్పినవి 35 శాతం. ఎవరితోనో గొడవపడి తప్పినవి 16 శాతం. పక్కవాళ్ల బలవంతం వల్లో, పక్కవాళ్లు తాగుతుంటే చూసో తప్పినవి 20 శాతం. అంటే దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ మూడింటిలోకే వస్తాయి. దుర్గాపూజలో ఈ మూడూ ఒకే వారంలో కలుస్తాయి. దశమి నాడు విగ్రహాన్ని గంగలో కలిపి వెనక్కి వచ్చాక ఖాళీ అయిన పందిరి తెచ్చే దిగులు సంగతి కలకత్తావాళ్లకు వేరే చెప్పాలా?

మార్లాట్ చెప్పిన మరో విషయం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. మనిషి సీసా దగ్గరికి ఒక్క అడుగులో చేరడు. చిన్న చిన్న నిర్ణయాలు దారి వేస్తాయి, ఒక్కోటీ విడిగా చూస్తే అమాయకంగానే ఉంటుంది. మెట్రోలో రద్దీగా ఉందని ఒక స్టేషను ముందే దిగుతాడు. దిగాం కదా అని కొంచెం నడుస్తాడు. నడుస్తూ పాత మిత్రుడి దుకాణంలో పలకరిస్తాడు. ఆ తర్వాత జరిగేదంతా తన చేతిలో లేదన్నట్టు ఉంటుంది, కానీ అసలు నిర్ణయం స్టేషన్లోనే జరిగింది. ప్రణాళిక కాపు కాయవలసింది ఆ స్టేషన్ దగ్గరే.

టిటాగఢ్ జనపనార మిల్లులో పనిచేసే ఒక తెలుగు కార్మికుణ్ణి ఊహించుకుందాం. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. హుగ్లీ ఒడ్డున మిల్లు బస్తీల్లో అలాంటివి చాలా స్థిరపడ్డాయి. అతను జులైలో చికిత్స తీసుకున్నాడు, పూజ వచ్చేస్తోంది. అతనూ భార్యా కలిసి రాసిన కాగితం ఇలా ఉండొచ్చు:

‘బోనస్ బ్యాంకులో పడే వారమంతా ఏటీఎం కార్డు ఇంటిదాని దగ్గరే. నా జేబులో రెండొందలకు మించి ఉండవు. షిఫ్టు దిగాక స్టేషన్ రోడ్డు ఎక్కను, గంగ ఒడ్డు దారిన ఇంటికొస్తాను. రాగానే అన్నం తింటాను, ఆకలి మీద బయటికి పోను. సప్తమి రాత్రి బావ క్లబ్బుకి రమ్మంటే, బావా, మందులు వాడుతున్నాను, చుక్క పడినా ఆసుపత్రే, పందిరి కాడ టీ తాగుదాం రా అంటాను. రెండోసారి అడిగితే అక్కడి నుంచి వచ్చేస్తాను. నవమి నాడే పిల్లలతో ఖరగ్‌పూర్ అక్క ఇంటికి పోతాం, టికెట్లు తీసేశాం. తాగాలనిపిస్తే ముందు అన్నకు ఫోను. ఎత్తకపోతే తాగుడు మానినవాళ్ల మీటింగులో పరిచయమైన పెద్దాయనకు. తాగేస్తే ఆ రాత్రే ఇంట్లో చెబుతాను, పొద్దున్నే డాక్టరు దగ్గరికి.’

ఇందులో ‘తాగకూడదు’ అన్న మాట ఎక్కడా లేదు. ప్రతి వాక్యంలో ఒక వేళో, ఒక చోటో, ఒక పనో ఉంది. బావకు చెప్పే జవాబు మాటకు మాట రాసి ఉంది. దాన్ని ఇంట్లో పైకి అని చూసుకోవాలి, సిగ్గుపడకుండా. మొహమాటం మన మనుషులను ముంచినంతగా ఇంకేదీ ముంచదు, నోటికి పట్టిన జవాబు ఉంటే మొహమాటం సగం పోతుంది. కార్డు భార్య దగ్గర ఉండటం అతను తనంతట తాను ఒప్పుకున్న ఏర్పాటు. పండగ రోజు జేబులు తడిమి లాక్కోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. చివరి వాక్యం రాయడానికి చాలామంది భయపడతారు, తప్పడానికి అనుమతి ఇచ్చినట్టవుతుందని. నిజానికి దాన్ని వదిలేయడమే ప్రమాదం. ఒక్క గ్లాసు పడగానే ‘అంతా పోయింది, ఇక ఎందుకు’ అనే నిస్పృహ కమ్ముకుంటుందనీ, ఒక రాత్రి తప్పును మూడు నెలల తాగుడుగా మార్చేది అదేననీ మార్లాట్ గుర్తించాడు. ఆరాటం ఎంత పెద్దగా లేచినా చాలాసార్లు అరగంటలోపే దిగిపోతుంది. ఫోను నంబర్లు ఆ అరగంట కోసమే.

ఆ ఫోను విలువ 1935 మేలో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో తేలింది. బిల్ విల్సన్ అనే వ్యాపారి తాగుడు మానేసి ఐదు నెలలు. వ్యాపారం దెబ్బతిని, హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక చివర బారు, మరో చివర టెలిఫోను. అతను చర్చిల జాబితా చూసి ఫోన్లు చేసుకుంటూ పోయి, తనలాంటి మరో తాగుబోతును, డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలుసుకున్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది; 1957లో బొంబాయి ద్వారా మన దేశానికి వచ్చింది. విల్సన్‌కు ఆ రోజు అదృష్టం కలిసొచ్చింది, అపరిచితుల్లో ఒకరు స్పందించారు. మన కార్మికుడి చేతిలో ఆ నంబరు ముందే ఉంది.

వైద్యం కూడా ఈ ముందస్తు నిర్ణయంలో భాగమే. డెన్మార్క్‌లో 1940ల చివర్లో హాల్డ్, యాకబ్సన్ గుర్తించిన డైసల్ఫిరామ్ మాత్ర పొద్దున వేసుకుంటే, సాయంత్రం తాగినప్పుడు మద్యం అసిటాల్డిహైడ్ దశలో ఆగిపోయి మొహం ఎర్రబారుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది. పొద్దుటి స్థిమితం సాయంత్రపు ఆరాటాన్ని ఆపుతుందన్నమాట. డాక్టరు పరీక్షించి ఇవ్వాలి, రోగికి తెలిసే ఇవ్వాలి. తెలియకుండా కూరలో కలిపి పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఎవరి సలహా లేకుండా ఒక్కసారిగా ఆపేయడమూ అంతే ప్రమాదం: మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛలు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతిభ్రమణం రావచ్చు. బ్రౌన్‌షుగర్ అనే నాసిరకం హెరాయిన్ మానినవారి ఇళ్లల్లో ఇంకో మాట గోడకు రాసి పెట్టాలి. కొన్ని వారాలు ఆపాక శరీరానికి తట్టుకునే శక్తి పోతుంది. పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. స్పృహ తప్పి, ఊపిరి నెమ్మదించిన మనిషిని ‘మత్తులో పడుకున్నాడులే’ అని వదిలేయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యం వల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవారు సుమారు 5.7 కోట్లు. తాగుడుకు పూర్తిగా లోబడినవారిలో ఏదో ఒక సాయం అందింది ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరికే. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, వచ్చే పండగో, జీతం రోజో, తద్దినమో, పెళ్లో ఎప్పుడో చూసి, దానికి రెండు వారాల ముందే పక్కన కూర్చుని ఆ కాగితం రాయండి. వ్యసన విముక్తికి ప్రభుత్వ ఉచిత ఫోను 14446. దిగులుకూ నిద్రలేమికీ చావు తలపులకూ టెలీ మానస్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ బెంగాలీలోనూ మాట్లాడొచ్చు. ఆ రెండు నంబర్లూ కాగితం మీద అన్నిటికంటే పైన రాయండి.